ఒకే కోడు, అంగడికో బిల్డు: జెంకిన్స్ ఐదేళ్లు వాడాక

ప్రొద్దుటూరు బంగారు అంగడికి గ్రాములు మూడు దశాంశాల దాకా కావాలి, తరుగూ మజూరీ విడివిడిగా చూపాలి. బేతంచెర్ల బండల ఫ్యాక్టరీకి చదరపు అడుగులు. అనంతపురం శెనక్కాయల మిల్లుకి క్వింటాళ్లు, హమాలీ. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఒకటే, ఇన్‌స్టాలర్ మాత్రం ఎవరిది వాళ్లదే. కడప ఆఫీసులో ఇవన్నీ ఐదేళ్లుగా కోడు నుంచి ఇన్‌స్టాలర్ కట్టే పనిని (బిల్డు) తనంతట తానే నడిపే జెంకిన్స్ అనే సాఫ్ట్‌వేర్ మీదే తయారవుతున్నాయి. పని బాగానే చేస్తుంది, కానీ కనిపెట్టుకుని ఉండాలి.

కస్టమర్‌కో గిట్ బ్రాంచి, అంటే కోడుకు విడి ప్రతి, పెట్టుకున్నవాళ్లను జెంకిన్స్ కాదు కదా, ఏదీ కాపాడదు. పైసల రౌండింగ్‌లో తప్పు దిద్దితే దాన్ని ప్రతి బ్రాంచిలోకీ మోయాలి. ఒకదాంట్లో మరిచిపోతారు, ఆర్నెల్లకు ఆ ఊరి నుంచి ఫోనొస్తుంది. మెయిన్ బ్రాంచి ఒక్కటే ఉంచి లోగో, కొలత, దశాంశాలు, బిల్లు నమూనా కస్టమర్ ఫోల్డర్లో పెట్టండి. కోడులో ‘ఫలానా కస్టమరైతే’ అనే ఇఫ్ షరతు వద్దు, ‘తరుగు ఉంటే’ అని ఉండాలి. రెండో బంగారు అంగడి వచ్చిన రోజు దాని విలువ తెలుస్తుంది.

పైప్‌లైన్, అంటే జెంకిన్స్ వరుసగా చేసే పనులు, రెండు సగాలు. మొదటి సగంలో కంపైల్, టెస్టులు ఒక్కసారే. రెండో సగంలో అదే సరుకుకు ఒక్కో కస్టమర్ ఫోల్డర్ కలిపి ఇన్‌స్టాలర్ కట్టడం. అందరికీ మొదటి నుంచి కంపైల్ చేస్తే టైము పోవడం అటుంచి, ఇద్దరికీ వెళ్లింది ఒకే కోడని గట్టిగా చెప్పలేం. రెండో సగానికి మ్యాట్రిక్స్ (ఒకే పనిని జాబితాలోని ఒక్కో పేరుకూ నడిపే పద్ధతి) చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ, అందులో కస్టమర్ల పేర్లు పైప్‌లైన్ రాసే జెంకిన్స్‌ఫైల్‌లో చేత్తో రాయాల్సిందే. ఫోల్డర్లు చూసి తనంతట తాను పట్టుకోదు. స్క్రిప్టెడ్ ప్యారలల్‌లో (కోడు రాసి పనులన్నీ ఒకేసారి నడిపించడం) ఫైళ్లు వెతికే ఫైండ్‌ఫైల్స్ స్టెప్‌తో జాబితా తీయడమే నయం. ఫెయిల్‌ఫాస్ట్ ఆన్ చేయకండి. మిల్లు బిల్డు పడిపోతే బండల బిల్డు ఆగాల్సిన పనేముంది?

అసలు ప్రమాదం బిల్డు నడిచే ఫోల్డర్, అంటే వర్క్‌స్పేస్‌లో. ఒక బిల్డు అయ్యాక ఫైళ్లు అక్కడే ఉండిపోతాయి. తర్వాతి కస్టమర్ ఫోల్డర్లో లోగో లేకపోతే ముందువాళ్ల లోగోనే ఎక్కుతుంది. బిల్డేమో పచ్చగా, అంతా బాగుందన్నట్టు చూపిస్తుంది! ప్యాకింగ్‌కు ముందు ఫోల్డర్‌ను ఖాళీ చేసే డిలీట్‌డిర్ స్టెప్ తప్పనిసరి. అదొక్కటే చాలదు. కట్టిన ఇన్‌స్టాలర్‌ను మళ్లీ విప్పి, లోపలి కస్టమర్ కోడూ (ఆ కస్టమర్‌కు ఇచ్చిన గుర్తు) ఫైలు పేరులోని కోడూ కలవకపోతే బిల్డును ఫెయిల్ చేసే స్టెప్ ఒకటి పెట్టాలి. ఫైలు పేరులోనూ అబౌట్ స్క్రీన్‌లోనూ కస్టమర్ కోడు, కమిట్ ఐడీలో (కోడు మార్పుకు గిట్ ఇచ్చే గుర్తు) మొదటి 8 అక్షరాలు, బిల్డు నంబరు ఉంటే, ఫోను చేసినవాళ్లను ‘ఆ లైను చదవండన్నా’ అంటే సరిపోతుంది.

2023 జూన్ నుంచి కొత్త కోడ్ సైనింగ్ (ఇన్‌స్టాలర్ మీద డిజిటల్ సంతకం) సర్టిఫికెట్ల కీ హార్డ్‌వేర్‌లోనే ఉండాలి. యూఎస్‌బీ టోకెన్ ఒక్క మెషీన్‌కే గుచ్చి ఉంటుంది కాబట్టి సైనింగ్‌ను ఆ ఏజెంట్‌కే (బిల్డు నడిపే మెషీన్) కట్టి, లాకబుల్ రిసోర్సెస్ ప్లగిన్‌తో వరుసలో పెట్టాలి. అది లేకుండా నాలుగు బిల్డులు ఒకేసారి టోకెన్ మీద పడితే ఒక రోజు నడుస్తుంది, ఒక రోజు నడవదు.

ఆఫీసు ఇంటర్నెట్‌కు స్టాటిక్ ఐపీ లేకపోతే కోడు మారిందని గిట్ సర్వర్ పంపే కబురు, అంటే వెబ్‌హుక్, లోపలికి రావడం కష్టం, ఐదు నిమిషాలకోసారి జెంకిన్సే వెళ్లి చూసుకునేలా పోల్ ఎస్‌సీఎం పెట్టుకోండి. డిస్క్ త్వరగా నిండుతుంది. పాత బిల్డులు తీసేసే బిల్డ్ డిస్కార్డర్‌లో 10 చాలు, కానీ కస్టమర్‌కు పంపిన బిల్డును ‘కీప్ ఫరెవర్’ చేయకపోతే అదీ పోతుంది. పైప్‌లైన్ డ్యూరబిలిటీని (బిల్డు ఎక్కడిదాకా వచ్చిందో డిస్కులో ఎంత తరచుగా రాయాలనే సెట్టింగు) స్పీడు వైపు మార్చి ఉంటే, కరెంటు పోయి మెషీన్ ఠక్కున ఆగినప్పుడు నడుస్తున్న బిల్డు మళ్లీ అందుకోదు. యూపీఎస్ లేనిచోట ఆ సెట్టింగు జోలికి పోవద్దు. బ్యాకప్‌లో జాబ్స్ ఫోల్డర్ ఒక్కటే కాదు, సీక్రెట్స్ ఫోల్డర్ కూడా తీయాలి. అది లేకపోతే పాస్‌వర్డులు దాచిన క్రెడెన్షియల్స్ ఫైలు చేతిలో ఉన్నా తెరుచుకోదు.

కస్టమర్లు నలుగురైదుగురే అయితే ఇదంతా దండగ, ఒక బ్యాచ్ ఫైలు చాలు.