ఎనిమిదేళ్ళుగా ఆడుతున్న ‘ప్రిన్స్’: ఎస్‌డీఎల్‌పాప్ మీద నా అభిప్రాయం

1998లో శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర కంప్యూటర్ నేర్చుకున్న మా బ్యాచ్‌కి టైపింగ్ కంటే ముందు వచ్చింది ‘ప్రిన్స్’ (ప్రిన్స్ ఆఫ్ పర్షియా) గేమే. సార్ అటు వెళ్ళగానే నల్ల తెర మీద ‘ప్రిన్స్ మెగాహిట్’ అని కొట్టి, గేమ్‌ని చీట్ మోడ్‌లో తెరిచేవాళ్ళం. కోర్సు అయ్యాక ఆ గేమ్ ఫ్లాపీలో ఎక్కించుకుని పదేళ్ళు దాచుకున్నా. ఓ రోజు దాని రేకు మూత జరిపి చూస్తే లోపలి బిళ్ళ నిండా తెల్లటి బూజు మచ్చలు. చాలా బాధపడ్డాను.

గేమ్ చేసిన జోర్డాన్ మెక్నర్‌కే ఇలాంటి కష్టం వచ్చింది. ఆపిల్-2 కంప్యూటర్ కోసం 1989లో వచ్చిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా అసలు కోడ్ ఏళ్ళ తరబడి కనబడలేదు. 2012లో వాళ్ళ నాన్న పంపిన పాత సామాను పెట్టె అడుగున ఆ ఫ్లాపీలు దొరికాయి. ఆ గేమ్‌కే కొత్త రూపమైన ఎస్‌డీఎల్‌పాప్ మాత్రం ఆ కోడ్ నుంచి కాక, వేరే దారిలో పుట్టింది. డాస్ (అప్పటి నల్ల తెర పీసీల సిస్టమ్) వెర్షన్‌ని అభిమానులు విప్పి చదివి, ఇప్పటి కంప్యూటర్లలో నడిచేలా రాసి ఉచితంగా పెట్టారు.

మంచి సంగతేంటంటే, గేమ్‌లో మనం ఆడించే కుర్రాడి నడక చెడగొట్టలేదు. మెక్నర్ తన తమ్ముడు పరుగెత్తుతుంటే, దూకుతుంటే వీడియో తీసి, ఆ కదలికల్ని ఒక్కో ఫ్రేమూ చూస్తూ గీశాడు. అందుకే ఈ ప్రిన్స్‌కి ఒంట్లో బరువుంటుంది. పరుగు టక్కున ఆగదు, కాస్త జారి ఆగుతాడు. “ఏటి నాన్నా, ఆగమంటే ఆగడేటి ఈడు!” అని మా అబ్బాయి మొదట్లో విసుక్కున్నాడు. షిఫ్ట్ నొక్కిపట్టి ఒక్కో అడుగు వేయించడం చూపించా. గట్టు అంచుకి వచ్చాక ఇంకో అడుగు వేయమంటే వెంటనే పడిపోడు. ముందు పాదం చాపి, కింద ఏముందో తడిమి, వెనక్కి తీసుకుంటాడు. 1998లో నా వేలికి అలవాటైన ఆ క్షణం ఇందులో అలాగే ఉంది. నాకు అంతకన్నా ఏం కావాలి!

పాత గేమ్‌లో ఉన్న తప్పుల్ని కూడా దిద్దారు, కానీ మన మీద రుద్దలేదు. కావాలంటే వేసుకోవచ్చు, వద్దంటే పాతది పాతగానే ఆడుకోవచ్చు. పాత గేమ్‌ని కాపాడటమంటే ఇదీ అని నా నమ్మకం. బొమ్మలు మెరిపించి, ఆట చచ్చిపోయిన రీమేక్‌లు చాలా చూశాను.

ఎఫ్6తో సేవ్, ఎఫ్9తో లోడ్ అన్నది కొత్త సౌకర్యం. నేర్చుకునేవాళ్ళకి మంచిదే, కానీ దానికి అలవాటు పడితే గేమ్ ముగించాల్సిన అరవై నిమిషాల గడువులోని బిగి పోతుంది. నేను వాడను. లోపం చెప్పాలంటే, కొన్ని మార్పులకి సెట్టింగుల ఫైలు తెరిచి ఇంగ్లీషులో రాసుకోవాలి. మా అబ్బాయి ఒక్కడే చేసుకోలేకపోయాడు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫానప్పుడు పలాసలో చుట్టాలింట్లో ఉన్నాం. కరెంటు లేదు, నెట్ లేదు. లాప్‌టాప్‌లో మిగిలిన ఛార్జింగ్‌తో పిల్లలందరూ వంతులేసుకుని ఇదే ఆడారు. లాగిన్ అడగదు, నెట్ అడగదు. ఫోల్డర్ కాపీ చేసుకుంటే చాలు. నా ఫోల్డర్ ఇప్పుడు లాప్‌టాప్‌లో ఒకటి, పాత డెస్క్‌టాప్‌లో ఒకటి, బీరువాలో తేమ పీల్చే సిలికా పొట్లంతో పాటు డబ్బాలో పెట్టిన పెన్‌డ్రైవ్‌లో ఇంకొకటి ఉన్నాయి.