దేవరకొండ పెరట్లో సీస్టార్ ఎస్50: నెబ్యులా ఫొటోలకు పనికొస్తదా?

మస్తు పనికొస్తది. సీస్టార్ ఎస్50 అంటే ఫోన్‌తో నడిపే చిన్న టెలిస్కోప్, నెబ్యులా అంటే ఆకాశంలో చుక్కల నడుమ ఉండే వాయువు, ధూళి మేఘం. కాకపోతే మన దిక్కు వాడేటోళ్లకు తెలియాల్సిన సంగతులు కొన్ని చలిదేశాలోళ్ల రివ్యూల్లో కనపడవు. అందుకే రాస్తున్న.

పెరట్లో జారుడు రేకుల కప్పుతో చిన్న గది కట్టించి అందులో పెట్టిన. 50 మిల్లీమీటర్ల కటకం, 250 మిల్లీమీటర్ల నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్). కెమెరా, మోటర్లు, కంప్యూటర్ అన్నీ లోపలే. కన్ను పెట్టి చూసేందుకేం ఉండదు, అంతా ఫోన్‌లోనే. ఓరియన్ నెబ్యులా అని ఒత్తితే, ముందు చుక్కల ఫొటో తీసి, వాటి అమరికను బట్టి తానెటు చూస్తున్నదో లెక్కగట్టి అటు తిరుగుతది. పది సెకన్లకొకటి తీసి ఒకదాని మీద ఒకటి పేరుస్తుంటది. మొదట బూడిదరంగు మరక. అర్ధగంట అయ్యేసరికి రెక్కలు విచ్చుకుంటది. పక్కింటి పెద్దమ్మ ఫోన్ చూసి "ఏందిది బిడ్డా, కుంకుమ చల్లినట్టున్నది" అన్నది.

నాకు బాగా నచ్చింది లోపలున్న ఫిల్టర్. నెబ్యులాలో హైడ్రోజన్ 656 నానోమీటర్ల దగ్గర ఎర్రగ, ఆక్సిజన్ 500 దగ్గర నీలాకుపచ్చగ వెలుగుతయి. ఫిల్టర్ ఆ రెండు పట్టీలను రానిచ్చి వీధిలైట్ల వెలుగును చానా మటుకు ఆపుతది. కృత్తికల చుట్టున్న ధూళికి మాత్రం ఫిల్టర్ తీసెయ్యాలె. అది సొంతంగ వెలగదు, చుక్కల వెలుగునే తిప్పికొడ్తది.

ఇగ అసలు సంగతి. ఈ యంత్రం పక్కలకు, పైకి కిందికి తిరుగుతది. ఆకాశమేమో ధ్రువం చుట్టూ తిరుగుతది. అందుకని ఫొటో ఫొటోకు బొమ్మ కొంచెం కొంచెం తిరిగిపోతది, నడినెత్తి దగ్గరైతే మరీ ఎక్కువ. రోజెట్ నెబ్యులా మనకు 78 డిగ్రీల ఎత్తుకొస్తది. లండన్‌లో అదే 44 దాటదు. అంటే తిప్పలు యంత్రంతో కాదు, మనమున్న చోటుతోని.

దీనికి మందు ఈక్యూ మోడ్, అంటే యంత్రం కూడా ఆకాశం లెక్కనే ధ్రువం చుట్టూ తిరిగే పద్ధతి. యంత్రాన్ని ధ్రువం దిక్కు వాల్చాలె. ధ్రువ నక్షత్రం నేల నుంచి ఎన్ని డిగ్రీల ఎత్తులో ఉంటదో, వాల్చిన యంత్రం ఇరుసు కూడా నేల నుంచి అన్ని డిగ్రీలే లేచి ఉండాలె. మనకు 17 డిగ్రీలే, దాదాపు పండబెట్టినట్టు. రెండున్నర కిలోల బరువు ఒక్క పక్కకే పడ్తది కాబట్టి చిన్న ముక్కాలిపీట మీద అట్ల పెట్టుడు మంచిది కాదు. నేను వెల్డింగ్ షాపులో మందపు ఇనుప పలకతో వాలు చేయించి సిమెంటు దిమ్మెకు బిగించిన. అప్పటిసంది 30 సెకన్ల ఫొటోల్లో కూడా చుక్కలు గుండ్రంగ వస్తున్నయి. కొనేటోళ్లు ఈ ఖర్చు కూడా లెక్కలో పెట్టుకోండ్రి.

సెన్సర్‌ను చల్లబరిచే ఏర్పాటు లేదు. ఆరేడు డిగ్రీలు వేడెక్కితే సెన్సర్‌లో వేడికి పుట్టే దొంగ సిగ్నల్ (డార్క్ కరెంట్) ఇంచుమించు రెట్టింపైతది, ఫొటోలో చుక్కచుక్కల మచ్చలు (నాయిస్) పెరుగుతయి. మే నెలలో మా గోడలు రాత్రి కూడా సెగ కక్కుతయి. లగూన్ నెబ్యులా కోసం అర్ధరాత్రి దాటినంకనే మొదలుపెడ్త, అప్పటికి అదీ పైకొస్తది. చలికాలం మంచుకు హీటర్ ఉన్నది.

ఫొటో 1080×1920 పిక్సెళ్లే. గోడకు పెద్దగ కట్టించుకుందామంటే చాలదు. రోజెట్ ఒక్క ఫ్రేములో పట్టదు, ముక్కలు ముక్కలుగ తీసి అతికించే మొజాయిక్ మోడ్‌లో తీయాలె.

గది కట్టించేటోళ్లు దక్షిణం గోడను తక్కువ ఎత్తులో ఆపించండ్రి. లండనోళ్లకు ఎన్నడూ కనపడని కరీనా నెబ్యులా మనకు మార్చి, ఏప్రిల్ రాత్రుల్లో అటు 13 డిగ్రీల ఎత్తుకొస్తది.