ఎల్ఈడీ స్ట్రిప్‌ను దేనికి అంటించాలి: చెక్కా, ప్లాస్టిక్ చానెలా, అల్యూమినియమా?

స్ట్రిప్ ఊడి వేలాడితే ముందు గమ్మునే తిడతాం. చాలాసార్లు అసలు కారణం వేడి. వెనక వేడి పోయే దారి లేకపోతే స్ట్రిప్ వెనకుండే అంటుకునే టేపు మెత్తబడి ఒక చివర లేస్తుంది. లేచిన చోట గాలి చేరి ఆ ముక్క ఇంకా కాలుతుంది. కొన్నాళ్లకు అక్కడి ఎల్ఈడీలు మసకబారతాయి, లేదా మినుకుమంటాయి. కాబట్టి దేనితో అంటించాలన్నది తర్వాత, దేనికి అంటించాలన్నది ముందు తేల్చుకోవాలి.

అది స్ట్రిప్ వాటేజీని బట్టి ఉంటుంది. మీటరుకు 60 ఎల్ఈడీలుండే 3528 రకం (ఒక్కో ఎల్ఈడీ 3.5×2.8 మిల్లీమీటర్లు) మీటరుకు 4.8 వాట్లు తీసుకుంటుంది. అదే 60తో వచ్చే 5050 రకం (5×5 మిల్లీమీటర్లు) 14.4 వాట్లు. అందులో దాదాపు మూడింట రెండు వంతులు వేడిగానే మిగులుతుంది, అంటే మీటరుకు సుమారు 10 వాట్లు.

4.8 వాట్ల స్ట్రిప్‌కి చెక్క చాలు. పూజ మందిరం వెనకైనా, షోకేస్ అరల్లోనైనా నిశ్చింతగా వేసుకోవచ్చు. అయితే ముడి ప్లైవుడ్ మీద టేపు నిలవదు, నూగు పొడితో సహా లేచి వచ్చేస్తుంది. సీలర్ ఒక కోటు వేసి ఆరనివ్వాలి, సన్‌మైకా ఉంటే ఇంకా మంచిది. మీటరుకు 10 వాట్లు దాటితే మాత్రం చెక్క వద్దు. అల్యూమినియంతో పోలిస్తే అది వేడిని వెయ్యో వంతు కూడా లాగలేదు.

ప్లాస్టిక్ చానెల్ చవక, కోయడం తేలిక. పెద్ద వాటేజీకి నేనైతే అసలు వాడను. పైన మూత, కింద పీవీసీ, మధ్యలో వేడికి దారే లేదు. 40 డిగ్రీలు వేడెక్కితే మీటరు పీవీసీ రెండున్నర మిల్లీమీటర్ల దాకా సాగుతుంది, స్ట్రిప్ అంత సాగదు. ఆ లాగుడుకి టేపు జారిపోతుంది.

ఇక అసలు పోటీ స్ట్రిప్ కోసమే గాడితో వచ్చే రెడీమేడ్ అల్యూమినియం ప్రొఫైల్‌కీ, కిటికీలు చేసే అల్యూమినియం షాపులో దొరికే L ఆకారపు 25×25 మిల్లీమీటర్ల యాంగిల్‌కీ. ప్రొఫైల్ చూడ్డానికి బాగుంటుంది, వెలుగును సమంగా పరిచే మూత, అంటే డిఫ్యూజర్, దానితోనే వస్తుంది. కానీ చాలావాటి లోతు ఏడెనిమిది మిల్లీమీటర్లే. 60 ఎల్ఈడీల స్ట్రిప్‌లో చుక్కకీ చుక్కకీ దాదాపు 17 మిల్లీమీటర్లు. డిఫ్యూజర్ కనీసం అంత దూరంలో లేకపోతే చుక్కలు విడివిడిగా కనిపిస్తాయి. చిన్న చిప్పులు దగ్గరదగ్గరగా ఉండి ఒకే గీతలా వెలిగే సీఓబీ స్ట్రిప్‌తో ఈ బాధ లేదు. ఇంకో సంగతి: ప్రొఫైల్‌ను సీలింగ్‌లోనో చెక్కలోనో గాడి తీసి దింపేస్తే గాలి తగిలేది ముందు భాగానికే.

లెక్క చూడండి. 25 మిల్లీమీటర్ల అల్యూమినియం పట్టీని చెక్కకి ఆనించి బిగించి, 14.4 వాట్ల స్ట్రిప్ వేస్తే గది వేడి మీద సుమారు 40 డిగ్రీలు పెరుగుతుంది. మే నెలలో రాత్రి కూడా గది 35 డిగ్రీలుండే మన ఊళ్లలో అది 75. అదే స్ట్రిప్‌ను యాంగిల్‌కి వేసి, అన్ని వైపులా గాలి తగిలేలా వేలాడదీస్తే పెరిగేది పది, పన్నెండు డిగ్రీలే. చెక్కకే బిగించాల్సి వస్తే మధ్యలో వాషర్లు పెట్టి ఐదారు మిల్లీమీటర్ల సందు వదలండి. ఈ లెక్క పెయింట్ వేసిన, లేదా అనోడైజ్ చేసిన యాంగిల్‌కి. మెరిసే ముడి అల్యూమినియం వేడిని అంత బాగా వెలువరించదు. ఇంట్లో చేసుకునే ఫిక్చర్‌కి నా ఓటు యాంగిల్‌కే.

అంటించేటప్పుడు ముందు అల్యూమినియం మీది నూనె జిడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. గుడ్డకి నలుపు అంటడం ఆగేదాకా తుడవండి. స్ట్రిప్‌ను సాగదీయకుండా పరిచి బొటనవేలితో ఒత్తుకుంటూ పోవాలి, ఎల్ఈడీల మీద కాదు, వాటి మధ్య ఖాళీల్లో. ఒక రోజు లైటు వేయకుండా వదిలేస్తే టేపు పట్టు బాగా పెరుగుతుంది. టేపు నాసిరకమనిపిస్తే దాన్ని పూర్తిగా తీసేసి వేడిని బాగా దాటించే పల్చటి థర్మల్ టేపు వేయండి. ఫోమ్ ఉన్న డబుల్ టేపు గట్టిగానే పడుతుంది కానీ వేడిని ఆపేస్తుంది. హాట్ గ్లూ వేడికి మెత్తబడుతుంది. ఫెవిక్విక్ లాంటివి పెళుసు, పైగా వాటి ఆవిరి చుట్టూ తెల్లగా పేరుకుంటుంది. సిలికాన్ వాడితే న్యూట్రల్ క్యూర్ రకమే తీసుకోండి. వెనిగర్ వాసన వచ్చేది రాగిని తినేస్తుంది. పైపులా సిలికాన్ తొడుగుతో వచ్చే ఐపీ67 (నీళ్లు చొరబడని) స్ట్రిప్‌కి మామూలు గమ్ములేవీ పట్టవు, క్లిప్పులే మేలు.

కత్తిరించిన చివర్లను మరచిపోవద్దు. అక్కడ రాగి ప్యాడ్ అంచు బయటపడి ఉంటుంది. అల్యూమినియానికి తగిలితే షార్ట్. సోల్డరింగ్ చేసే చోట కూడా అంతే. ఆ రెండు సెంటీమీటర్ల కింద కాప్టాన్ టేపు (వేడిని తట్టుకుని, కరెంటును ఆపేది) ముక్క వేయండి.

డిఫ్యూజర్ ఉంటే మూసి, గంటసేపు వెలిగించి, మూత తీసి స్ట్రిప్ పక్కనే లోహాన్ని తాకి చూడండి. ఐదు సెకన్లు వేలు ఉంచలేకపోతే 55, 60 డిగ్రీల దగ్గర ఉన్నట్టే. ఇంకా పెద్ద యాంగిల్‌కి మార్చండి. అది కుదరకపోతే పీడబ్ల్యూఎం డిమ్మర్ (కరెంటును వేగంగా ఆపి వేస్తూ వెలుగు తగ్గించేది) పెట్టి 70 శాతానికి తగ్గించండి, వేడి కూడా దాదాపు అంతే నిష్పత్తిలో తగ్గుతుంది.