మూడు గళ్ల కాగితం: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

చారిత్రక నవలను పాఠంగా చెప్పేటప్పుడు ఆ కాలపు ఫొటోలు, ఉత్తరాలు, పత్రికల కత్తిరింపులు పిల్లల చేతికివ్వడం మొదలుపెట్టి ఎనిమిదేళ్లయింది. ఇన్నేళ్లూ నేను వాడుతున్నది అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఉపాధ్యాయుల కోసం ఉచితంగా ఇస్తున్న విశ్లేషణ పత్రం. అందులో ముఖ్యమైనవి మూడు గళ్లు: ఏం గమనించావు, ఏమనుకుంటున్నావు, ఏం అడగాలనుకుంటున్నావు.

నేను ఎక్కువగా చెప్పేది 1930లలో అమెరికా మైదానాలను ఎడారి చేసిన ధూళి తుఫానుల కాలపు కథ. గడ్డి నేలలను దున్నేశారు, ఏళ్ల తరబడి వానలు లేవు, మట్టి గాలికి లేచిపోయింది. 1935 ఏప్రిల్ 14న పట్టపగలే చీకటి కమ్మింది. ఇదంతా నోటితో చెబితే పిల్లలు రాసుకుని ఊరుకుంటారు. ఫొటోగ్రాఫర్ డొరొతియా లాంగ్ 1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర, బఠాణీ కోతకు వచ్చిన కూలీల శిబిరంలో తీసిన తల్లి ఫొటోను బల్ల మీద పెడితే మాత్రం గదిలో మాటలు ఆగిపోతాయి.

ఒక అమ్మాయి మొదటి గడిలో ‘ఆమె ఏడుస్తోంది’ అని రాసింది. కన్నీళ్లు ఎక్కడున్నాయో చూపించమన్నాను. ఫొటోను కళ్ల దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూసింది. రాసింది చెరిపేసి, ‘నుదుటి మీద ముడతలు. చేయి చెంప దగ్గర ఉంది. ఇద్దరు పిల్లలు ముఖాలు అటు తిప్పుకున్నారు’ అని రాసింది. ఏడుపు రెండో గడిలోకి వెళ్లింది. చూసినదానికీ ఊహించినదానికీ మధ్య గీత పడింది. నవలాకారుడి పని మొదలయ్యేది సరిగ్గా ఆ గీత దగ్గరే అని అప్పుడు చెబితే ఎవరికీ వివరించాల్సిన అవసరం రాలేదు.

ఆధారం కూడా ఒకరి చూపే అన్నది నాకే ఆలస్యంగా తెలిసింది. ధూళికి ఇల్లు విడిచి వచ్చిన తల్లి అని మొదటి రెండేళ్లు చెప్పాను. నిజానికి ఆమె కుటుంబం 1920లలోనే కాలిఫోర్నియా చేరింది. తిండి కోసం కారు టైర్లు అమ్ముకున్నారని లాంగ్ రాశారు, అలాంటిదేమీ జరగలేదని ఆ కుటుంబం తర్వాత చెప్పింది. ఆ తల్లి పేరు 1978 దాకా లోకానికి తెలియనే తెలియదు. ఇప్పుడు ఈ సంగతులన్నీ పిల్లల ముందు పెడుతున్నాను. ‘మరి ఫొటో అబద్ధమా?’ అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఏడాది మొత్తంలో నేను ఎదురుచూసే ప్రశ్న అదే.

ఇబ్బందులూ ఉన్నాయి. ఒక్క ఫొటోకే పీరియడ్ మొత్తం పడుతుంది. చేతిరాత ఉత్తరాలను తిరగరాసి ఇవ్వకపోతే సగం మంది మొదటి వరుసలోనే ఆగిపోతారు. నకలు మసకగా వస్తే గమనించడానికి ఏమీ మిగలదు. అన్నిటికంటే పెద్ద పొరపాటు నాదే: తొలి ఏళ్లలో నవల మొదలుపెట్టకముందే ఆధారాల కట్ట పంచేశాను. చదువు కాస్తా తప్పులు పట్టే పనిగా మారింది. ఇక్కడ తేదీ కలవలేదు, అక్కడ బట్టలు వేరు అంటూ పాత్రలను పక్కన పెట్టేశారు. ఇప్పుడు మూడు అధ్యాయాలు అయ్యాకే మొదటి ఫొటో ఇస్తున్నాను. అప్పటికి పాత్రలు వాళ్లకు మనుషులైపోయి ఉంటారు, ఫొటోలో వాళ్ల కోసమే వెతుకుతారు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నవలకు రెండు ఆధారాలు మించి పెట్టుకోవద్దు. మూడో గడిని మాత్రం తొందరపడి ముగించకండి. ‘ముఖాలు తిప్పుకున్న పిల్లలు ఏం చూస్తున్నారు?’ అని ఒక అబ్బాయి అందులో రాశాడు. వారం తర్వాత అతను రాసి తెచ్చిన పేజీన్నర కథ, తల్లి భుజం వెనక నుంచి ఆ పిల్లల్లో ఒకరు చెప్పుకున్నది.