పదిహేనేళ్లు దాటిన స్ప్లెండర్ ప్లస్: ఇన్‌స్పెక్షన్‌లో ఎంతవరకు నిలబడుతుంది?

సెకండ్‌హ్యాండ్ స్ప్లెండర్ చూడ్డానికి వెళ్లినవాళ్లు కిక్కు కొట్టి, ఇంజన్ చప్పుడు విని, బేరం మొదలుపెడతారు. పన్నెండు పదమూడేళ్లు దాటిన బండికి ఆ పరీక్ష రెండోది. మొదట టార్చ్ వేసి, హ్యాండిల్ కింద మెడ పైపు మీద కొట్టిన చాసిస్ నంబరు చదవాలి. ఆ తర్వాత కిందకి వంగి, ఎడమ పక్క క్రాంక్‌కేస్ (ఇంజన్ కింది పెట్టె) మీద ఇంజన్ నంబరు చదవాలి. రెండూ ఆర్సీలో ఉన్నట్టే ఒక్క అక్షరం తేడా లేకుండా కనిపిస్తే మిగతాది చాలావరకు రిపేరుతో తీరిపోయేదే. కనిపించకపోతే ఇంజన్ ఎంత నున్నగా తిరిగినా ఆ బండి వద్దు.

ఈ రివ్యూ సుమారు 2005 నుంచి 2012 వరకు వచ్చిన స్ప్లెండర్ ప్లస్ గురించి. 97.2 సీసీ ఇంజన్, కార్బొరేటర్, ముందూ వెనకా డ్రమ్ బ్రేకులు, రెండు వైపులా 18 అంగుళాల చక్రాలు. పాతవాటి ట్యాంకు మీద హీరో హోండా అని ఉంటుంది. రెండు కంపెనీలు విడిపోయాక 2011లో పేరు హీరో మోటోకార్ప్‌గా మారింది. ఇన్‌స్పెక్షన్ వరకు ఆ పేరు తేడా ఏమీ చెయ్యదు.

సొంత వాడకం బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు నడుస్తుంది. గడువు తీరడానికి 60 రోజుల ముందు నుంచి ఫారం 25తో రెన్యువల్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆర్టీఏ ఆఫీసులో మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ (మన ఊళ్లలో ఇప్పటికీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే అంటారు) బండి చూసి సరే అంటే ఇంకో 5 ఏళ్లు వస్తాయి. 2022 ఏప్రిల్ నుంచి రెన్యువల్ ఫీజు మోటార్‌సైకిల్‌కి రూ. 1,000. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టు నోటిఫికేషన్‌తో అది రూ. 2,000 అయింది. గ్రీన్ ట్యాక్స్ వేరే. అసలు దెబ్బ ఆలస్యానిది: గడువు దాటాక నెలకు రూ. 300 చొప్పున అదనపు ఫీజు పడుతుంది. రెండేళ్లు మూలన పడి ఉన్న బండి మీద అదొక్కటే రూ. 7,200 అవుతుంది. ‘ఆర్సీ అయిపోయింది గానీ బండి బంగారం’ అని చెప్పేవాళ్ల దగ్గర ముందు ఈ లెక్క వెయ్యండి. అమ్మే మనిషి పేరు మీదే రెన్యువల్ చేయించి, ఆ తర్వాతే ఫారం 29, 30 మీద ట్రాన్స్‌ఫర్ పెట్టించుకోవాలి.

ఇక బండి సంగతి. ఇంజన్ అరిగిపోయి ఇన్‌స్పెక్షన్‌లో ఆగిపోయే బండి కాదు స్ప్లెండర్. అది ఆగేది ఇంజన్ చుట్టూ ఉన్న చిన్న చిన్న వాటి దగ్గర. యజమాని ఏళ్ల తరబడి ‘నడుస్తోందిగా’ అని వదిలేసినవే అన్నీ.

పొల్యూషన్ టెస్టు తీసుకుందాం. 2000 మార్చి తర్వాత తయారైన ఫోర్‌స్ట్రోక్ బండికి, బీఎస్–6 (భారత్ స్టేజ్ పొగ ప్రమాణాల్లో ఆరోది) కన్నా ముందుదైతే, ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ ఇవ్వకుండా ఇంజన్ తిరుగుతున్నప్పుడు, కార్బన్ మోనాక్సైడ్ (సీఓ) 3.5 శాతం, హైడ్రోకార్బన్లు (హెచ్‌సీ) 4,500 పీపీఎం దాటకూడదు. సరిగ్గా ట్యూన్ చేసిన స్ప్లెండర్‌కి ఇది కష్టమైన గీత కాదు. బీఎస్–3, అంతకు ముందు బండ్లకు ఈ సర్టిఫికెట్ 6 నెలలే చెల్లుతుంది, అంటే ఏడాదికి రెండుసార్లు బండి ఆరోగ్యం అంకెల్లో తెలుస్తుంది. ఆ చీటీలు పారేయకుండా దాచుకున్న యజమాని దొరికితే అదృష్టమే. సీఓ అంకె ఏటా పెరుగుతూ వస్తే పెట్రోలు ఎక్కువ పడుతోందని, హెచ్‌సీ అంకె పెరుగుతుంటే పెట్రోలు కాలకుండానే బయటికి పోతోందని లెక్క.

సీఓ ఎక్కువ వస్తే వెతకాల్సిన క్రమం ఇది. ముందు ఎయిర్ ఫిల్టర్: దుమ్ము పట్టిన పేపర్ ఎలిమెంట్‌ని గాలితో ఊది మళ్లీ పెట్టడం దండగ, మార్చేయాలి. తర్వాత చోక్: లివర్ ఆపేసినట్టు కనిపించినా లోపల పూర్తిగా తెరుచుకోకపోవచ్చు. ఆ తర్వాత ఫ్లోట్ నీడిల్, అంటే కార్బొరేటర్ గిన్నెలోకి పెట్రోలు రాకను ఆపే సూది: దాని మొన అరిగితే గిన్నెలో పెట్రోలు మట్టం పెరుగుతుంది, ఓవర్‌ఫ్లో పైపు దగ్గర తడి కనిపిస్తుంది. చివరికి జెట్లు (పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రాల ముక్కలు). వీటిలో ఏదీ చూడకుండా స్క్రూ తిప్పి అంకె తగ్గించే మెకానిక్ ఆ రోజుకి సర్టిఫికెట్ ఇప్పిస్తాడు, మర్నాడు బండి సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది.

హెచ్‌సీ ఎక్కువైతే ప్లగ్గు, ట్యాపెట్లు (వాల్వుల దగ్గరి సందు సర్దే స్క్రూలు), పిస్టన్ రింగులు, ఈ వరుసలో చూడాలి. ప్లగ్గు గ్యాప్ ఆ బండి మాన్యువల్‌లో చెప్పినంతే ఉండాలి. ట్యాపెట్లు ఇంజన్ పూర్తిగా చల్లారాకే, రాత్రి ఆపిన బండికి పొద్దున్నే సెట్ చెయ్యాలి. చప్పుడు రాకూడదని బిగించేస్తే వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ పోతుంది, హెచ్‌సీ పెరుగుతుంది. ట్యాపెట్ కొంచెం టిక్‌టిక్‌మనడమే మేలు. ఇవి రెండూ సరిగా ఉన్నా అంకె దిగకపోతే సైలెన్సర్ చివర వేలు పెట్టి చూడండి: పొడి మసి అయితే కార్బొరేటర్ తప్పు, జిడ్డు మసి అయితే ఆయిల్ మండుతోంది. పొద్దున స్టార్ట్ చేసిన కాసేపే నీలం పొగ వచ్చి ఆగితే వాల్వ్ సీళ్లు, యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడల్లా వస్తే రింగులు.

టెస్టుకి కనీసం పది నిమిషాలు తొక్కి, ఇంజన్ వేడెక్కాక వెళ్లాలి. ఐడ్లింగ్ 1,400 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా ఉండాలి. ఇంజన్ నుంచి సైలెన్సర్‌కి వెళ్లే బెండు పైపు గాస్కెట్ దగ్గర ‘పట్‌పట్’మని గాలి పోతుంటే ముందు అది మార్చండి. సైలెన్సర్‌కి కింద తుప్పు చిల్లు ఉంటే రీడింగు నమ్మదగినది కాదు, పైగా ఇన్‌స్పెక్టర్ శబ్దం దగ్గరే ఆపేస్తాడు.

ఇప్పుడు బంకుల్లో దొరికే ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు గురించి ఒక మాట. ఈ బండ్లు దానికోసం తయారైనవి కావు. ఇథనాల్‌తో మిశ్రమం కాస్త పల్చబడుతుంది కాబట్టి సీఓ తగ్గినా, ఐడ్లింగ్‌లో మిస్సింగ్ మొదలైతే హెచ్‌సీ పెరగొచ్చు. పాత రబ్బర్లకు కూడా అది పడదు. పెట్రోలు పైపు, ఫ్లోట్ గిన్నె గాస్కెట్, కార్బొరేటర్ ఓ–రింగులు గట్టిపడ్డాయా, ఉబ్బాయా అని చూసి మార్చుకోవాలి. నెలల తరబడి నిలబెట్టే బండిలో ట్యాప్ మూసి, కార్బొరేటర్ గిన్నె ఖాళీ చేసి పెట్టండి.

ఎలక్ట్రికల్ దగ్గర స్ప్లెండర్‌కి ఒక స్వభావం ఉంది. తెలియకపోతే అనవసరంగా ఖర్చు పెడతారు. ఈ కాలపు బండ్లలో హెడ్‌లైట్ మాగ్నెటో నుంచి నేరుగా వెలుగుతుంది, అందుకే ఐడ్లింగ్‌లో మసకబారి, యాక్సిలరేటర్ ఇస్తే కాంతి పెరుగుతుంది. అది లోపం కాదు. 35/35 వాట్ల బల్బు, మసకబారని రిఫ్లెక్టరు, పసుపెక్కని డూమ్ అద్దం ఉంటే చాలు. దీన్ని సరిచేస్తామని ఏదో ఒక ఎల్‌ఈడీ బల్బు పెడితే ఐడ్లింగ్‌లో కొట్టుకుంటుంది, పైగా వెలుగు ఎదుటివాళ్ల కళ్లలోకి పోతుంది. ఇండికేటర్లు, హారన్, బ్రేక్ లైటు మాత్రం బ్యాటరీ మీద నడుస్తాయి. కిక్ మోడల్‌లో ఉండేది 2.5 ఏహెచ్ చిన్న బ్యాటరీ. అది చచ్చిపోయినా బండి కిక్కుతో స్టార్ట్ అవుతుంది కాబట్టి చాలామంది మార్చరు. ఇన్‌స్పెక్షన్ రోజున ఆ మూడింటిలో ఒక్కటీ పనిచెయ్యదు. కొత్త బ్యాటరీ పెట్టినా మళ్లీ దిగిపోతుంటే బ్యాటరీకి చార్జింగ్ అందించే ఆర్‌ఆర్ యూనిట్ (రెగ్యులేటర్ రెక్టిఫైయర్) చూడాలి. బ్రేక్ లైటును ముందు లివర్‌తో ఒకసారి, వెనక పెడల్‌తో ఒకసారి విడివిడిగా పరీక్షించండి. వెనక స్విచ్ స్ప్రింగు ఊడిపోయి ఉండటం చాలా మామూలు.

బ్రేకులు. బ్రేక్ ప్లేటు మీద చిన్న గీత, దాని పక్కన ఆర్మ్‌కి బాణం గుర్తు ఉంటాయి. బ్రేకు గట్టిగా పట్టినప్పుడు బాణం ఆ గీతను తాకితే షూలు అయిపోయినట్టే, నట్టు ఎంత బిగించినా లాభం లేదు. ఈ బండ్లలో ఎక్కువగా కనిపించే తప్పు ఏమిటంటే, షూలు అరిగాక ఆర్మ్‌ని స్ప్లైన్ (కామ్ పిన్ను చివరి పళ్లు) మీద ఒక పన్ను జరిపి ‘బ్రేకు వచ్చింది’ అనిపించడం. దాంతో కామ్ అతిగా తిరిగి, ఒకనాడు అడ్డంగా నిలబడిపోతుంది, చక్రం పట్టేస్తుంది. కొనేముందు గుర్తు సరైన చోట ఉందా అని తప్పకుండా చూడండి. కొత్త షూలు వేసేటప్పుడు కామ్ పిన్ను బయటికి తీసి, తుప్పు గీకి, పల్చగా గ్రీజు రాయాలి. ఈ పని చెయ్యకపోతే కొత్త షూలతోనూ బ్రేకు బరువుగానే ఉంటుంది. ముందు లివర్ 10 నుంచి 20 మిల్లీమీటర్లు, వెనక పెడల్ 20 నుంచి 30 మిల్లీమీటర్లు వదులుగా కదలాలి.

హ్యాండిల్ కోన్ సెట్టు (హ్యాండిల్ తిరిగే బేరింగులు) పరీక్షకు డబుల్ స్టాండ్ వేసి, ముందు చక్రం గాల్లోకి లేపి, హ్యాండిల్ మెల్లగా ఇటూ అటూ తిప్పండి. సరిగ్గా మధ్యలో చిన్న గుంటలో పడ్డట్టు ఆగితే బాల్ రేసులకు గుంటలు పడ్డాయి. బిగిస్తే పోదు, సెట్టు మార్చాలి. వెనక చక్రాన్ని పక్కకి ఊపితే కదులుతుంటే స్వింగ్ ఆర్మ్ బుష్షులు లేదా బేరింగులు. చైను స్ప్లెండర్‌లో పూర్తిగా కవర్ లోపల ఉంటుంది. దుమ్ము నుంచి కాపాడుతుంది, లోపాన్ని దాస్తుంది కూడా. కవర్‌కి ఉన్న రబ్బరు మూత తీసి వేలితో చూడాలి. చక్రం తిప్పుతుంటే ఒకచోట బిగువుగా, ఇంకోచోట వదులుగా ఉంటే చైను, స్ప్రాకెట్లు మూడూ కలిపి మార్చాల్సిందే.

టైర్లలో టీడబ్ల్యూఐ (అరుగుదల సూచిక) గుర్తు దగ్గరి గట్టు, గ్రిప్పు సమానమైతే అరిగినట్టే. గ్రిప్పు ఉన్నా పక్క గోడల్లో సన్నటి పగుళ్లు ఉంటే వద్దు. గోడ మీద నాలుగంకెల తేదీ చదవండి: 2318 అంటే 2018లో 23వ వారం.

చాలామంది మరిచిపోయేది చీర గార్డు. వెనక చక్రంలో సగానికి తగ్గకుండా కప్పే రక్షణ, వెనక కూర్చున్నవాళ్లకు పట్టుకునే పిడి, కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్టులు మోటారు వాహన నిబంధనల్లోనే ఉన్నాయి. అందం కోసం గార్డు విప్పేసిన బండి అక్కడే వెనక్కి వస్తుంది. అద్దాలు, సరైన నంబరు ప్లేటు, మామూలు హారన్ కూడా అంతే. ఇవన్నీ వందల రూపాయల పనులు.

ఇప్పుడు డబ్బుతో తీరని రెండింటికి వద్దాం. ఒకటి తుప్పు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి ఉన్న చోట, భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగిన బండ్లను వరంగల్, కర్నూలు బండ్లతో సమానంగా చూడకూడదు. బ్యాటరీ పెట్టె కింద, డబుల్ స్టాండ్ అతుకు దగ్గర, స్వింగ్ ఆర్మ్ బోల్టు చుట్టూ స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి. ఖంగుమనాల్సిన చోట మొద్దు చప్పుడు వస్తే లోపల రేకు తినేసింది. చాసిస్ నంబరు కూడా అలాగే చెదిరిపోతుంది. మెడ పైపు దగ్గర కేబుళ్లు రాసుకుంటూ ఉంటాయి, రంగు పోయి, తేమ దిగి, అంకెలు పొరలుగా లేస్తాయి. ఏడాదికొకసారి గుడ్డతో తుడిచి కాస్త గ్రీజు రాస్తే అసలు ఈ సమస్యే రాదు. ఎమెరీ కాగితంతో మాత్రం రుద్దకండి. అంకె ఇంకా పల్చబడుతుంది, దిద్దారన్న అనుమానమూ వస్తుంది.

రెండోది ఇంజన్ నంబరు. స్ప్లెండర్ ఇంజన్ భాగాలు ప్రతి ఊళ్లో పాతవి దొరుకుతాయి. క్రాంక్‌కేస్ పగిలిన బండికి ఇంకో బండిది వేసేస్తారు. బండి చక్కగా నడుస్తుంది, నంబరు మాత్రం ఎవరిదో అవుతుంది. ఆర్సీతో కలవకపోతే ఆ మార్పుకు కాగితాలు చూపించాలి. పాత ఇంజన్‌కి బిల్లు ఎవరు ఇస్తారు?

మిగతా పాత బండ్లతో పోలిస్తే: పల్సర్ 150 డీటీఎస్–ఐలో రెండు ప్లగ్గులు. ఒకటి పోయినా ఇంజన్ నడుస్తూనే ఉంటుంది, తొక్కేవాళ్లకు తెలియకుండా హెచ్‌సీ పెరిగి పొల్యూషన్ టెస్టులో బయటపడుతుంది. డిస్క్ ఉన్న మోడల్‌లో క్యాలిపర్ పిస్టన్ పట్టేయడం వయసుతో వచ్చే ఖర్చు. యాక్టివా పాతదైతే కాళ్ల కింద మ్యాట్ ఎత్తి రేకు చూడకుండా కొనొద్దు. టూస్ట్రోక్ ఎక్స్‌ఎల్ సూపర్‌కి హెచ్‌సీ పరిమితి 6,000 వరకు ఉన్నా, టూటీ ఆయిల్ చేతి అంచనాతో పోసే అలవాటు వల్ల అది కూడా దాటుతుంది. ఈ నాలుగింటిలో అతి తక్కువ పనితో రెన్యువల్ గట్టెక్కేది స్ప్లెండరే అని మా అభిప్రాయం. పదిహేనో ఏట దాదాపు నిశ్చింతగా కొనొచ్చు. ఇరవయ్యో ఏట పొడి ప్రాంతం బండి అయితేనే.

ఇన్‌స్పెక్షన్ ముందు బండికి రంగు వేయించే ఆలోచన ఉంటే ఆర్సీలో ఉన్న రంగే వేయించండి. పెయింటర్‌కి ఇచ్చే ముందు మెడ పైపు మీద నంబరును కప్పేలా టేపు అంటించి ఇవ్వండి, ఇంటికి తెచ్చుకునే ముందు పెన్సిల్ ప్రింట్ (నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే వచ్చే అచ్చు) తీసి చూసుకోండి. రెండు మూడు కోట్ల రంగు గాడుల్లో నిండిపోతే కాగితం మీద నంబరు రాదు, దాన్ని గీకి తీయడం మళ్లీ ఆ ఎమెరీ కాగితం దగ్గరికే వస్తుంది.