నోట్లకు పాలియెస్టర్ కవర్లు: ఏడాదిన్నర వాడిన తర్వాత

ప్యాకెట్ విప్పగానే ముందు వాసన చూశాను. ఏ వాసనా లేదు. సగం నమ్మకం అక్కడే కుదిరింది. నా పాత ఆల్బమ్ తెరిస్తే కొత్త రెయిన్‌కోటు వాసన గుప్పుమనేది. అది మంచి ప్లాస్టిక్ వాసనే అనుకున్నాను చాలా ఏళ్లు.

మాది హనుమకొండ. ముప్పై మూడేళ్లు బ్యాంకులో చేశాను, అందులో సగానికి పైగా క్యాష్ కౌంటర్‌లోనే. మంచి నోటు కంటపడితే నా పర్సులో డబ్బు పెట్టి మార్చుకునేదాన్ని. ట్రాక్టర్ బొమ్మ ఐదు రూపాయలు, ఆర్యభట్ట ఉపగ్రహం ఉన్న రెండు రూపాయలు, 786తో ముగిసే నంబర్లు, ఆర్థిక శాఖ కార్యదర్శి సంతకంతో వచ్చే రూపాయి నోట్లు. ఇప్పుడు మొత్తం 212 ఉన్నాయి. కానీ నా ప్రాణమంతా రెండు నోట్ల మీదే. అవి మా బాపు దాచిన హాలీ సిక్క రూపాయి నోట్లు. బాపు అజంజాహీ మిల్లులో పనిచేశాడు. నిజాం కాలంలో మన దగ్గర నడిచింది హాలీ, బయట బ్రిటిష్ వాళ్ల ఇలాకాలో నడిచింది కల్దార్. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దార్ రూపాయలు వచ్చేవి. 1959 తర్వాత హాలీ చెల్లకుండా పోయింది. అయినా బాపు ఆ రెండింటినీ సందుగలో బట్టల అడుగున ఉంచాడు. పోయే ముందు నా చేతిలో పెట్టాడు.

నేను వాటిని ఆల్బమ్‌లో పెట్టాను. స్టేషనరీ షాపులో కొన్న ఆల్బమ్, మెత్తటి మెరిసే జేబులు, అట్ట మీద బంగారు రంగు అక్షరాలు. దాన్ని బీరువా మీద పెట్టాను. పైన స్లాబు, మన ఎండాకాలం సంగతి తెలిసిందే. ఏళ్లకేళ్లు అట్లాగే ఉంది. ఒకరోజు తీసి చూస్తే జేబులు వేలికి జిడ్డుగా అంటుకుంటున్నాయి. ఒక హాలీ నోటు ప్లాస్టిక్‌కు అతుక్కుపోయి ఉంది. మెల్లగా లాగినా మూల దగ్గర రంగు ఊడి వచ్చింది. నోటు మీద ఉండాల్సిన అంచు గీతలు తిరగేసిన అచ్చులా ప్లాస్టిక్ మీద ఉన్నాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ జేబులు పీవీసీవి. పీవీసీని మెత్తగా చేయడానికి కలిపే నూనెలాంటి రసాయనం కాలం గడిచేకొద్దీ బయటికి వస్తుంది, వేడికి ఇంకా తొందరగా. ప్లాస్టిక్ పాడవుతూ ఆమ్లం కూడా వదులుతుంది. మన నోట్లు నూలు కాగితంవి, గట్టివే, కానీ అచ్చు రంగు ఈ జిడ్డుకు ఆగదు. నోట్లకు పనికొచ్చేవి పాలియెస్టర్, పాలిప్రొపిలీన్, పాలిథీన్. సేకరణదారులు మైలార్ కవర్లు అనేది పాలియెస్టర్‌నే. నేను హైదరాబాద్ నుంచి తెప్పించుకున్నవి అవే. కవరు ఒక్కటి 18 రూపాయలు పడింది. రెండు వందల నోట్లకు లెక్క వేస్తే చిన్న మొత్తం కాదు, కానీ మూల పోయిన ఆ హాలీ నోటు చూశాక బేరం ఆడాలనిపించలేదు.

పాలియెస్టర్ అని ప్యాకెట్ మీద రాసినంత మాత్రాన నమ్మలేదు. ఒక కవరు మూల కత్తిరించి పరీక్ష చేశాను. రాగి తీగను పటకారుతో పట్టుకుని గ్యాస్ మంటలో ఎర్రగా కాల్చాలి. మంటలో ఏ రంగూ రాకుండా అయ్యాక తీగను ప్లాస్టిక్‌కు ఆనించాలి, అంటుకున్న ముక్కతో మళ్లీ మంటలో పెట్టాలి. పాత ఆల్బమ్ ముక్కకు మంట పచ్చగా, నెమలి మెడ రంగులో లేచింది. అంటే అందులో క్లోరిన్ ఉంది, పీవీసీయే. కొత్త కవరు ముక్క ముడుచుకుని కరిగింది, పచ్చదనం జాడ లేదు. ఇది చేసేటప్పుడు కిటికీలు తెరవండి, పీవీసీ పొగ పీల్చకూడదు. నోట్లు ఆ దరిదాపుల్లో ఉండకూడదని వేరే చెప్పక్కర్లేదు.

ఇక వాడకం. ఈ కవర్లకు పొడుగు వైపు ఒకటి, పొట్టి వైపు ఒకటి మూసి ఉంటాయి, మిగతా రెండు వైపులు తెరిచి ఉంటాయి. నోటును తోయాల్సిన పని లేదు. కవరు తెరిచి పరుపు మీద పడుకోబెట్టినట్టు పెట్టొచ్చు. మూడు వైపులా మూసినవి కూడా కొన్ని తెప్పించాను కానీ వాటిలో నోటు మూల మడత పడుతుందేమోనని ప్రతిసారీ టెన్షన్. రెండు వైపులవే కొనండి.

స్పష్టత సంగతి చెప్పాలి. కిటికీ వెలుగులో పెట్టి చూస్తే వాటర్‌మార్క్, దారం, పక్కనే పిన్ను రంధ్రాలు అన్నీ కనిపిస్తాయి. 90ల నాటి నోట్లకు ఎడమవైపు ఆ రంధ్రాలు చాలావాటికి ఉంటాయి, కొన్నింటికి చుట్టూ తుప్పు మరక. మేము కట్ట కట్టి పిన్నులు కొట్టేవాళ్లం. 2001లో రిజర్వ్ బ్యాంక్ వద్దన్నాక కాగితం బ్యాండ్లు వచ్చాయి. ఆ మరకను కడగాలనీ, నోటును ఇస్త్రీ చేయాలనీ, చిరిగితే టేపు వేయాలనీ అస్సలు అనుకోవద్దు. ఉన్నది ఉన్నట్టు కవరులో పెట్టండి. ల్యామినేషన్ చేశారంటే ఇక ఆ నోటు నోటు కాదు.

లోపాలు రెండు. మొదటిది, ఈ కవర్లు దుమ్మును లాగుతాయి. ఎండాకాలం పొడి గాలిలో కవరు విప్పితే చేతి వెంట్రుకలు లేచేంత స్థిర విద్యుత్తు ఉంటుంది. టేబుల్ తుడిచి, చేతులు కడిగి పూర్తిగా ఆరాక పట్టుకుంటున్నాను. రెండోది, జారుడు. ఇరవై కవర్లు ఒకదాని మీద ఒకటి పేరిస్తే నిలవవు. నిలువుగా నిలబెట్టే అట్టపెట్టె కావాలి. ఆమ్లం లేని అట్ట దొరికితే మేలు.

కవర్లు ఒక్కటే కాపాడవు. వానాకాలంలో మా ఇంట్లో తేమ మీటరు 70 శాతం దాటుతుంది. కాగితానికి 40, 50 మధ్య ఉంటే బాగుంటుంది. పెట్టెలో సిలికా జెల్ సంచులు పెట్టాను, గింజల రంగు మారగానే మారుస్తాను. నాఫ్తలీన్ ఉండలు పెట్టను, ఆ ఆవిరి కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది. 2023 జులై వానలకు నయీంనగర్ నాలా పొంగినప్పుడు మా బంధువుల ఇంట్లో బీరువా కింది అర మునిగింది, భూమి కాగితాలు ముద్దయ్యాయి. అందుకే నా పెట్టె బీరువా మధ్య అరలో ఉంటుంది. పైన వేడి, కింద నీళ్లు. బయటి గోడకు ఆనుకున్న బీరువా అయితే అక్కడి నుంచి జరపండి.

లాకర్‌లో పెట్టొచ్చు కదా అని మా చెల్లె అడిగింది. ఇప్పటి లాకర్ ఒప్పందం చదివితే నగదు, కరెన్సీ పెట్టకూడదని ఉంటుంది. బ్యాంకులో పనిచేసిన మనిషిని, దాన్ని దాటి పెట్టను.

కొనేముందు సైజు చూసుకోండి, ఇందులోనే నేను పొరబడ్డాను. ఒకే సైజు 200 కవర్లు తెప్పించాను, లోపలి పొడవు 170 మిల్లీమీటర్లు. పాత వంద 157, ఇప్పటి వంద 142, బాగానే కూర్చున్నాయి. రూపాయి నోటు 97 మాత్రమే కాబట్టి లోపల జారుతుంది. గాంధీ బొమ్మ పాత వెయ్యి నోటు 177, పట్టలేదు. నా దగ్గర వెయ్యివి మూడున్నాయి (సేకరణ కోసమైతే చెల్లని పాత 500, 1,000 కలిపి 25 దాటకుండా ఉంచుకోవచ్చని 2017 చట్టం చెబుతోంది). పెద్ద సైజు ఆ షాపులో స్టాక్ లేదు. ఉగాది తర్వాత వస్తుందన్నారు. అప్పటిదాకా ఆ మూడూ ఆమ్లం లేని పలుచటి కాగితం మడతల మధ్య, అదే పెట్టెలో, బాపు నోట్ల వెనకాల ఉన్నాయి.