ట్వైన్: జ్ఞాపకాలను దారులుగా రాసుకునే సాధనం

క్రిస్ క్లైమస్ 2009లో రూపొందించిన ట్వైన్, కథను వరుస పేజీలుగా కాక, లింకులతో కలిసిన చిన్న చిన్న ఖండికలుగా రాసుకోవడానికి వీలు కల్పించే ఉచిత ఓపెన్ సోర్స్ సాధనం. జ్ఞాపకాలు కూడా వరుసక్రమంలో రావు కనుక స్వీయానుభవ రచనకు ఇది చక్కగా అమరుతుంది. దీని అసలు బలం వేరియబుల్స్‌లో (కథ నడుస్తుండగా సమాచారాన్ని దాచిపెట్టుకునే పేర్లలో) ఉంది: పాఠకుడు ముందు ఏ దారి ఎంచుకున్నాడో గుర్తుపెట్టుకొని, అమ్మమ్మగారి ఇంటి వర్ణననే ఒకసారి బెంగతోను, మరొకసారి కోపంతోను చూపించవచ్చు, కథకుడిని ఊళ్లో ముద్దుపేరుతో, డల్లాస్ ఆఫీసులో కుదించిన పేరుతో పిలిపించవచ్చు. తెలుగు యూనికోడ్ అక్షరాలు చక్కగానే కనిపిస్తాయి గాని, ఆదేశాలను ఇంగ్లీషులోనే రాయవలసి రావడంతో మాటిమాటికీ కీబోర్డు మార్చుకోవడం (నాకైతే) విసుగు పుట్టిస్తుంది. బ్రౌజర్‌లో రాస్తే రచన ఆ బ్రౌజర్ నిల్వలోనే ఉంటుంది, దానిని తుడిచేస్తే రచనా పోతుంది; కాబట్టి కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకోవడమే మేలు. పూర్తయిన కథ ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలుగా (బ్రౌజర్‌లో తెరుచుకునే వెబ్ పేజీగా) వస్తుంది కనుక, ఎక్కడా ప్రచురించకుండా దగ్గరివాళ్లకు మాత్రమే పంపుకోవచ్చు; సొంత బాధలు రాసుకునేవారికి ఇది చిన్న సౌకర్యమేమీ కాదు.